లూక్ కత్తి రంగు గురించి సాయం కావాలి

హన్మకొండలో డిగ్రీ చదువుతున్నా. సెమినార్‌లో స్టార్ వార్స్ సినిమాల్లోని లైట్‌సేబర్ (కాంతితో వెలిగే కత్తి) మీద మాట్లాడాలి. 'నీలం మంచి, ఎరుపు చెడు' అని చెప్పి కూర్చోవద్దని మేడమ్ ముందే అన్నారు.

హీరో లూక్‌ది మొదట నాన్న (విలన్ డార్త్ వేడర్) నుంచి వచ్చిన నీలం కత్తి. 1980 సినిమాలో నాన్నతో పోరులో చెయ్యి తెగి, దాంతో పాటే అదీ పోతుంది. 1983లో తను చేసుకున్న ఆకుపచ్చ కత్తితో వస్తాడు. అంటే తండ్రి నీడలోంచి బయటపడ్డాడని రాసుకున్నా. తీరా చూస్తే, ఎడారి సీన్‌లో నీలాకాశం ముందు నీలం సరిగ్గా కనపడదని రంగు మార్చారట! ఇక నా పాయింట్ నిలుస్తుందా?

ఇంకోటి. ఆ 1983 సినిమా చివర్లో లూక్, తను నరకగా తెగిన తండ్రి చెయ్యి, గ్లవ్ వేసిన తన చెయ్యి చూసుకుని కత్తి పారేస్తాడు. తాతకు చెబితే, 'అర్జునుడు గాండీవాన్ని నీళ్లలో వదల్లేదారా' అన్నడు. కానీ అర్జునుడు యుద్ధాలన్నీ అయ్యాక, అగ్నిదేవుడు అడిగితే వదిలాడు. లూక్ అయితే శత్రువు ఎదురుగా ఉండగానే. ఈ రెండూ పక్కపక్కన పెట్టొచ్చా, అతికించినట్టు ఉంటుందా?

తెలిసినవాళ్లు కాస్త చెప్పండి. సోమవారమే సెమినార్, టెన్షన్‌గా ఉంది.