ఆరో నెలలో గోదావరి దాటి వరంగల్ వెళ్లొచ్చా?

శ్రీరాంపూర్_సెకండ్‌షిఫ్ట్:
అందరికీ నమస్తే. మాది మంచిర్యాల. నా భార్యకు ఇప్పుడు 23వ వారం, తొలి కాన్పు. శనివారం భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి కాజీపేటలో దిగి, హన్మకొండలో ఒక రాత్రి ఉండి ఆదివారం తిరిగి రావాలనుకున్నాం. వేయిస్తంభాల గుడి, భద్రకాళి చెరువు బండ్, ఖిలా (వరంగల్ కోట), వీలైతే రామప్ప గుడి. డాక్టరమ్మ స్కానింగ్ చూసి మాయ పైనే ఉంది, బీపీ బాగుంది, వెళ్లి రండి అన్నది. ఆదివారం ప్లేడే (సెలవు రోజు చేసే అదనపు డ్యూటీ) కూడా వదులుకున్నాను. మా అమ్మ మాత్రం కడుపుతో ఉన్న పిల్ల గోదావరి దాటొద్దంటోంది. మాకు రైల్లో పోయినా, రోడ్డున పోయినా గోదావరి దాటకుండా దారి లేదు. ఏం చేయమంటారు?

బల్లార్షా_లైన్:
భాగ్యనగర్ వరంగల్ స్టేషన్‌కు పోదు, కాజీపేట నుంచి సికింద్రాబాద్ వైపు వెళ్తుంది. కాజీపేటలో దిగడమే కరెక్ట్. చాలామంది ఇక్కడ పొరపాటు పడతారు.

కొత్తవాడ_పోరడు:
రండి అన్నా. మా దగ్గర మంచి జంపఖానా ఒకటి తీసుకోండి, రేపు బిడ్డ కింద పరవడానికి పనికొస్తుంది.

లక్సెట్టిపేట_పెద్దమ్మ:
పుట్టకముందే బిడ్డకు కొనమంటున్నావా నాయనా! ఇంత తెలియకుండా సలహాలు ఇస్తున్నారు.
బాబూ, మీ అమ్మ చెప్పింది తప్పు కాదు. నది దాటొద్దు, కడుపుతో ఉన్నామె కొబ్బరికాయ కొట్టొద్దు, గ్రహణం నాడు బయటికి రావొద్దు. మా కాలంలో ఇవన్నీ పాటించాం. పాటించని చోట ఏమైందో కూడా చూశాం. రెండు రోజుల ముచ్చట కోసం తొమ్మిది నెలల కష్టాన్ని పణం పెట్టొద్దు. గుడికే వెళ్లాలనుకుంటే మంచిర్యాలలో గుళ్లు లేవా?

వేయిస్తంభాలు_1163:
నది సంగతి నాకు తెలియదు, గుళ్ల సంగతి చెప్తాను. వేయిస్తంభాల గుడి ఊరి మధ్యలోనే ఉంది, ఆటో దిగితే గుడే. విడదీసి మళ్లీ నిలబెట్టిన కల్యాణ మండపాన్ని 2024 శివరాత్రి నాడు తెరిచారు, అదీ చూడొచ్చు. కాకపోతే నునుపు రాయి, వాన పడితే జారుతుంది, చెయ్యి పట్టుకోండి. ఖిలాలో నాలుగు తోరణాల మధ్య మెల్లగా తిరగండి, ఖుష్ మహల్ మెట్లు ఎక్కించకండి.
రామప్ప మాత్రం వద్దు. హన్మకొండ నుంచి పోను రాను 130 కిలోమీటర్ల పైనే. 1213లో కట్టిన గుడి, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. ఇంకో ఏడాది ఆగితే ఎక్కడికీ పోదు.

కొత్తవాడ_పోరడు:
వరంగల్ దాకా వచ్చి రామప్ప చూడకుండా పోతారా? కారు మాట్లాడుకుంటే అయిపోతుంది.

వేయిస్తంభాలు_1163:
కారులో కూర్చునేది నువ్వా, ఆమెనా?

స్టాఫ్‌నర్స్_జమ్మికుంట:
డాక్టర్ సరేనన్నారు కాబట్టి ఈ నాలుగైదు మాటలు. నాలుగో నెల దాటాక, ఏడో నెల నిండేలోపు ప్రయాణానికి అన్నిటికంటే వీలైన కాలం. గర్భంతో ఉన్నప్పుడు రక్తం గడ్డకట్టే గుణం పెరుగుతుంది, కాళ్లు వేలాడేసి గంటల తరబడి కూర్చోవద్దు. గంటకోసారి లేచి బోగీలో నాలుగు అడుగులు వేయాలి. రైల్లో బాత్రూంకు భయపడి చాలామంది నీళ్లు తాగరు, అది పెద్ద తప్పు. కారు ఎక్కితే బెల్టు పొట్ట కిందుగా, తొడల మీదుగా రావాలి. తల్లీబిడ్డల కార్డు, స్కానింగ్ కాగితాలు వెంట ఉంచుకోండి. రక్తం కనిపించినా, నీరు పోయినా, నొప్పులు మొదలైనా ఆలోచించకుండా 108. హన్మకొండలో ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి, వరంగల్‌లో సీకేఎం ఉన్నాయి.
నది దాటొద్దన్నది పడవల కాలం నాటి మాట.

లక్సెట్టిపేట_పెద్దమ్మ:
వంతెన కింద నది ఉందా, లేదా?

బల్లార్షా_లైన్:
ఉంది. మంచిర్యాలకూ రామగుండానికీ మధ్య.

చెన్నూరు_చిన్నోడు:
😂😂

స్టాఫ్‌నర్స్_జమ్మికుంట:
ఒక్క ప్రశ్న తమ్ముడూ. ఆమె పుట్టిల్లు ఎక్కడ?

శ్రీరాంపూర్_సెకండ్‌షిఫ్ట్:
హుజూరాబాద్ దగ్గర అక్కా. ఏడో నెలలో సీమంతం చేసి కాన్పుకు అక్కడికే పంపుతాం.

స్టాఫ్‌నర్స్_జమ్మికుంట:
అప్పుడు గోదావరి దాటదా?

శ్రీరాంపూర్_సెకండ్‌షిఫ్ట్:
అప్పుడు పెద్దవాళ్లు ముహూర్తం చూసి తీసుకెళ్తారు కదా.

చెన్నూరు_చిన్నోడు:
దొరికిపోయావు అన్నా. పుట్టింటికి పోతే గోదావరి ఏమీ అనదు, మొగుడితో పోతేనే కోపం వస్తుందా? నా పెళ్లయ్యి ఆరేళ్లు. మొదటి ఏడాది సినిమాకు బయల్దేరినా మా అమ్మకు తలనొప్పి వచ్చేది. మీ అమ్మకూ అదే. కొడుకు పెళ్లాంతో తిరుగుతుంటే చూడలేక నది పేరు చెప్తోంది.

శ్రీరాంపూర్_సెకండ్‌షిఫ్ట్:
మా అమ్మను ఒక్క మాట అన్నా ఊరుకోను. మా బాపు పోయాక నన్ను చదివించింది ఆమె. నీ ఇంటి గొడవ నా మీద రుద్దకు.

చెన్నూరు_చిన్నోడు:
సలహా అడిగింది నువ్వే. తీసుకోవడం చేతగాకపోతే అడగొద్దు.

మోడరేటర్:
ఇద్దరూ తగ్గండి. ఇళ్లలో ఆడవాళ్ల గురించి ఇంకో మాట వస్తే థ్రెడ్ మూసేస్తాను.

లక్సెట్టిపేట_పెద్దమ్మ:
మూయకండి, నేను చెప్పాల్సింది ఉంది.
1998లో మేడారం జాతర. నాకు ఐదో నెల. మా అత్త వద్దన్నది. మొక్కు ఉంది, పోవాలని పట్టుబట్టింది మా ఆయన. జీపులో పద్నాలుగు మందిమి. నా ఒళ్లో బెల్లం మూట, దాని మీద ఆడబిడ్డ కొడుకు. జంపన్న వాగులో స్నానం చేశాం, అమ్మలకు బంగారం, అంటే ఆ బెల్లం, ఇచ్చి ఇంటికి వచ్చాం. నాలుగో రోజు కడుపు పోయింది.
ఆయనను ఎవరూ ఏమీ అనలేదు. తీసుకెళ్లింది ఆయన అన్న సంగతి నెల తిరిగేసరికి అందరూ మర్చిపోయారు. ‘ఎగబడి జాతరకు పోయి పోగొట్టుకుంది’ అని నన్నే అన్నారు. తర్వాత ఇద్దరు పిల్లలు పుట్టినా ఆ మాట పోలేదు. మొన్న మా చిన్నమ్మాయి పెళ్లిలో కూడా ఒకామె అన్నది.
అందుకే చెప్తున్నా. నది మింగుతుందో లేదో నాకు తెలియదు. తేడా వస్తే మాట పడేది ఆ పిల్ల. ఈ అబ్బాయి కాదు, ఇక్కడ పళ్లికిలిస్తున్న మీరూ కాదు.

స్టాఫ్‌నర్స్_జమ్మికుంట:
పెద్దమ్మా, జీపు కుదుపులకు మంచిగా ఉన్న కడుపు పోదు. గర్భసంచి మూతి వదులైనా, లోపల ఇన్ఫెక్షన్ ఉన్నా ఐదో నెలలో అలా జరుగుతుంది. అప్పుడు ఎవరైనా పరీక్ష చేయించారా?

లక్సెట్టిపేట_పెద్దమ్మ:
పరీక్షా? వేడినీళ్లు పోసి పడుకోబెట్టారు తల్లీ.

వేయిస్తంభాలు_1163:
ఇంతకూ రామప్ప ప్లాన్‌లోంచి తీసేశారా?

శ్రీరాంపూర్_సెకండ్‌షిఫ్ట్:
ఇది ఆయన ఫోనే, రాస్తున్నది నేను. నా గురించి ఇంత మంది రాశారు, నన్ను మాత్రం ఎవరూ అడగలేదు. ఆయన కూడా ప్లాన్ అంతా తయారయ్యాకే చెప్పాడు.
మాది రెండు గదుల క్వార్టర్. పెళ్లయ్యి పద్నాలుగు నెలలు. ఆయన సెకండ్ షిఫ్ట్ నుంచి వచ్చేసరికి రాత్రి పన్నెండు, హాల్లో అత్తమ్మ పడుకుని ఉంటుంది, మేం గుసగుసలాడుకుంటూ అన్నం తింటాం. గిన్నె మోగితే ఆమె లేస్తుంది. ఇంకో నెలన్నర అయితే నేను పుట్టింటికి పోతా, మళ్లీ వచ్చేది చంటిపిల్లతో. నాకు తోరణాలు, మండపాలు చూడాలని పెద్దగా లేదు. భద్రకాళి చెరువు కట్ట మీద కూర్చుని మామూలు గొంతుతో మాట్లాడుకుంటే చాలు.
పెద్దమ్మా, మీరు చెప్పింది చదివి ఏడ్చాను. కానీ ఇంట్లో కూర్చున్నప్పుడు తేడా వచ్చినా నన్నే అంటారు. ‘బరువెత్తింది, వంగింది, టైముకు తినలేదు’ అంటారు. మాట ఎట్లాగూ పడేదే అయితే ఆ రెండు రోజులు ఎందుకు వదులుకోవాలి?

చెన్నూరు_చిన్నోడు:
సారీ చెల్లె. మీ ఆయనకు కూడా చెప్పు.

లక్సెట్టిపేట_పెద్దమ్మ:
నువ్వు అట్లా అడిగితే నా దగ్గర జవాబు లేదు బిడ్డా. అయినా నాకు ఇష్టం లేదు. పోతే మాత్రం అతన్ని కిటికీ వైపు కూర్చోబెట్టి నువ్వు నడిచే దారి వైపు కూర్చో, లేవడానికి వీలుగా ఉంటుంది. బయటి చట్నీ తినకు. సాయంత్రం చెరువు గాలికి చెవులు కప్పుకో. రామప్పకు పోకు.

వేయిస్తంభాలు_1163:
అదే నేను మొదటి నుంచీ మొత్తుకుంటున్నది.

శ్రీరాంపూర్_సెకండ్‌షిఫ్ట్:
మళ్లీ నేనే. టికెట్లు తీశాడు, రామప్ప లేదు. అత్తమ్మ రెండు రోజులుగా మాట్లాడడం లేదు. రాత్రి నా హ్యాండ్‌బ్యాగు సర్దుతుంటే అడుగున ఒక నిమ్మకాయ, కొంగు ముక్కలో ముడివేసిన ఐదు రూపాయల బిళ్ల కనిపించాయి. గోదావరిలో వేయడానికి. ఎప్పుడు పెట్టిందో తెలియదు.

బల్లార్షా_లైన్:
దయచేసి వంతెన మీద రైల్లోంచి బిళ్లలు విసరకండి. పట్టాల పక్కన పనిచేసే గ్యాంగ్‌మెన్‌కు తగులుతాయి.

లక్సెట్టిపేట_పెద్దమ్మ:
పక్కన ఎవరూ లేకుండా చూసి వెయ్యి బిడ్డా. కుడి చేత్తో.