ఆధునిక చిత్రకళ పుట్టుకకు కెమెరా ఒక్కటే కారణమా?

ప్రశ్న (చిత్రకళ విద్యార్థిని, పెరంబూరు):
1839లో ఫొటోగ్రఫీ వెలుగులోకి రావడంతో మనిషి పోలికను అచ్చంగా దించే పని చిత్రకారుడి చేతిలోంచి జారిపోయిందనీ, ఐరోపాలో ఆధునిక చిత్రకళ అందువల్లనే పుట్టిందనీ మాకు పాఠం చెప్పారు. అయితే ఆ మార్పుకు తొలి అడుగుగా చెప్పే ఇంప్రెషనిస్టుల (క్షణంలో మారే వెలుగునూ కదలికనూ చిత్రించినవారు) మొదటి ప్రదర్శన జరిగింది 1874లో. కెమెరాయే కారణమైతే 35 ఏళ్లు ఎందుకు పట్టింది? నగరాల పెరుగుదలకూ పత్రికలకూ ఇందులో ఎంత వాటా ఉందో పెద్దలు వివరించగలరని కోరుతున్నాను.

సమాధానం (విశ్రాంత డ్రాయింగ్ మాస్టారు, ట్రిప్లికేన్):
అమ్మా, మీ సందేహం సబబైనది. కెమెరా పాత్ర తక్కువదేమీ కాదు గాని, అది ఒంటరిగా సాధించినది మాత్రం తక్కువే. 1838లో, ఫొటోగ్రఫీ ఆద్యుల్లో ఒకడైన డాగేర్ పారిస్‌లోని బులెవార్ దు తాంప్ల్ వీధిని పైనుంచి ఫొటో తీశాడు. పలక మీద బొమ్మ పడటానికి నిమిషాల సేపు పట్టేది కనుక కదిలే బళ్లూ మనుషులూ దానికి చిక్కలేదు. సందడి వీధి నిర్మానుష్యంగా కనిపిస్తుంది. ఎడమ పక్క కింది భాగంలో, బూట్లు పాలిష్ చేయించుకుంటూ కదలక నిలబడిన మనిషి ఆకారం మాత్రం మిగిలింది. 1873లో ఇంప్రెషనిస్టు చిత్రకారుడు మోనే పారిస్‌లోనే బులెవార్ దె కాపుసీన్ వీధిని మేడ మీది నుంచి చిత్రించినప్పుడు, ఆ తొలి కెమెరా పట్టలేకపోయిన జనాన్నే పట్టుకున్నాడు. మనిషికొక నల్లటి కుంచె గీటు, అంతే. మొహాలు ఉండవు, అయినా వీధంతా నడుస్తున్నట్టే ఉంటుంది. ఆ గీట్లు నాలుకతో నాకినట్టున్నాయని లూయీ లెర్వా అనే విమర్శకుడు పత్రికలో ఎగతాళి చేశాడు. 1874 ప్రదర్శన జరిగినది ఆ వీధిలోనే, నదార్ అనే ఫొటోగ్రాఫర్ స్టూడియోగా వాడిన గదుల్లో.

ఇక ఆ 35 ఏళ్లలో జరిగినది చూడండి. అప్పటిదాకా నూరిన రంగును పంది మూత్రాశయపు తిత్తుల్లో దాచేవారు. ఒకసారి గుచ్చితే మళ్లీ సరిగా మూసే వీలుండేది కాదు. 1841లో జాన్ రాండ్ పేటెంటు పొందిన తగరపు ట్యూబుతో నూనె రంగులు జేబులో పట్టే వస్తువులయ్యాయి. వాటితో రైలెక్కితే పొలాల గట్టున దిగి అక్కడే చిత్రించవచ్చు. 1853 నుంచి 1870 దాకా ఊస్మాన్ అనే ప్రభుత్వాధికారి పాత సందులు కొట్టించి పారిస్‌ను తిరగకట్టించడంతో వెడల్పాటి వీధులూ, వాటి వెంట మేడలూ, ఎవరికెవరూ తెలియని జనసమూహమూ చిత్రకారుడి కళ్లెదుటికి వచ్చాయి. నా దృష్టిలో అసలు మార్పు ఈ చివరిదే. చిత్రించడానికి కొత్త విషయం లేకుండా కొత్త కుంచె పుట్టదు.

సమాధానం (పత్రికా కార్యాలయంలో పేజీలు కట్టే ఉద్యోగి, మాంబళం):
మాస్టారు గారు పత్రికల ఊసు దాదాపు వదిలేశారు కనుక ఆ మాట నేను చెబుతాను. యంత్రాన్నీ వేగాన్నీ కీర్తించిన ఫ్యూచరిస్టు కళోద్యమం గురించి ఇటలీ కవి మారినెట్టి చేసిన ప్రకటన 1909 ఫిబ్రవరి 20న పారిస్ దినపత్రిక లె ఫిగారో మొదటి పేజీలో వచ్చింది. ఆ పేరుతో చిత్రాలు రాకముందే, ఉద్యమం దినపత్రిక ద్వారా లోకానికి తెలిసిపోయింది. 1912లో పికాసో మరో అడుగు వేసి, సూజ్ మద్యం సీసా చిత్రంలో దినపత్రిక ముక్కలనే అంటించాడు. వాటిలో అప్పుడు జరుగుతున్న బాల్కన్ యుద్ధ వార్తలు ఇప్పటికీ చదవవచ్చు. బల్ల మీద పానీయం, చుట్టూ యుద్ధం: ఆనాటి కాఫీ హోటల్లో కూర్చున్న మనిషి లోకాన్ని ఎరిగిన తీరే అది. దాన్ని కుంచెతో గీస్తే ఇంత సూటిగా ఉండేది కాదని నా గట్టి నమ్మకం.

సమాధానం (కళా చరిత్ర అధ్యాపకురాలు, అడయారు):
పై ఇద్దరి మాటలతో ఏకీభవిస్తూనే ఒక హెచ్చరిక చేయదలచాను. యంత్రం వస్తే చిత్రకళ తప్పనిసరిగా పోలికను వదిలేస్తుందన్న సూత్రం మన దేశంలో నిలవదు. మద్రాసులో కళాపాఠశాల 1850లోనే మొదలైంది. ఫొటోగ్రఫీ కూడా ఆ కాలంలోనే ఇక్కడ అడుగుపెట్టింది. అయినా రవివర్మ ఐరోపా వాస్తవిక పద్ధతినే చేపట్టాడు, 1894లో బొంబాయిలో అచ్చు యంత్రం పెట్టించి దాన్నే ఇంటింటికీ చేర్చాడు. ఒక్కో రంగుకు ఒక్కో అచ్చు రాయి చొప్పున, ఒకదానిపై ఒకటి అద్దిన ఆ లక్ష్మీ సరస్వతుల పటాలు మన పూజగదుల్లోకి తెచ్చింది నిండైన పోలికనే. పారిస్‌లో పోలికను సడలించిన కాలమే ఇక్కడ దాన్ని స్థిరపరిచింది. పోలికను దాటిన చిత్రకళకు మద్రాసులో బలమైన కేంద్రం ఏర్పడటానికి చిత్రకారుడు కె.సి.ఎస్. పణిక్కర్, ఆయన శిష్యులు 1966లో చోళమండలం అనే కళాకారుల గ్రామాన్ని నెలకొల్పేదాకా ఆగవలసి వచ్చింది. కాబట్టి ఏ యంత్రం వచ్చిందన్న దానితో పాటు, అది ఎవరి చేతికి, ఏ అవసరానికి వచ్చిందో కూడా మీ వ్యాసంలో అడగండి.