హైస్కూల్ పిల్లలకు పువ్వు పాఠం: కోసి చూపించాలా, బొమ్మ గీస్తే చాలదా?

చాక్‌పీస్: మొక్కల్లో లైంగిక ప్రత్యుత్పత్తి పాఠం పువ్వు కోయించకుండా చెప్పొద్దని పైనుంచి ఒత్తిడి. పిరియడ్ అంతా దానికే సరిపోతుంది. బోర్డు మీద బొమ్మ గీసి భాగాలు రాయిస్తే ఏం తక్కువ?

పచ్చాకు: చాలా తక్కువ. బొమ్మతో నేర్చిన పిల్లలు పుప్పొడి కీలాగ్రం (పువ్వు ఆడభాగం కొన) మీద పడగానే పని అయిపోయిందనుకుంటారు. అది పరాగసంపర్కమే. ఫలదీకరణ జరగాలంటే పుప్పొడి మొలకెత్తాలి, దాన్నుంచి పరాగనాళమనే సన్నటి గొట్టం కీలంలోంచి (కీలాగ్రం కింది కాడలోంచి) అండాశయంలోని అండం దాకా దిగాలి. అక్కడ ఒక పురుషబీజం అండంలోని స్త్రీబీజంతో, రెండోది అందులోనే ఉండే ద్వితీయ కేంద్రకంతో కలుస్తాయి. 1898లో నవాషిన్ కనిపెట్టిన ఈ ద్విఫలదీకరణను గడగడా అప్పజెప్తారు. ఎక్కడ జరుగుతుందో పువ్వు మీద చూపించమంటే బిక్కమొహం. మందారం కోయించండి.

చాక్‌పీస్: మందారమే దొరికిందా? దాంట్లో కేసరాలు (పుప్పొడినిచ్చే మగభాగాలు) గొట్టంలా కలిసిపోయి కీలాన్ని కప్పేస్తాయి. పిల్లలు ఆ గొట్టాన్నే కీలం అంటారు.

పచ్చాకు: గొట్టం చీల్చండి, లోపల కీలం కనిపిస్తుంది. చీల్చమనే కదా చెప్తున్నది!

లాస్ట్‌బెంచ్: ముద్దమందారం మాత్రం తేకండి. కేసరాలు చాలావరకు రేకులైపోయి ఉంటాయి.

తోటపని: సొరపువ్వు తీసుకోండి. ఆడపువ్వు కింద బుల్లి కాయలా అండాశయం బయటికే కనిపిస్తుంది. మగపువ్వుకి ఉండదు. కొయ్యక్కర్లేదు కూడా.

చాక్‌పీస్: పరీక్షలో ద్విలింగ పుష్పం, అంటే ఆడ, మగ భాగాలు రెండూ ఉన్న పువ్వు బొమ్మ అడుగుతారు. సొరది ఏకలింగం.

పచ్చాకు: అదీ సంగతి. మీకు పువ్వు ఏదైనా ఒకటే, మార్కులు కావాలి.

చాక్‌పీస్: నోరు జారకండి. క్లాసు నిండా కిక్కిరిసిన పిల్లలు, చేతుల్లో బ్లేడ్లు. ఒకడి వేలు తెగింది. వాళ్ళ నాన్న స్టాఫ్‌రూమ్‌కొచ్చి అందరి ముందు నన్ను కడిగేశాడు. కోయించమన్న పెద్దమనిషి పక్కనే ఉండి కిక్కురుమనలేదు. ఆయన వచ్చి నిలబడితే కోయిస్తా, లేదంటే బొమ్మే.

పచ్చాకు: ఇది మొదటే చెప్పాల్సింది. మీ గొడవ ఆయనతో, మందారంతో కాదు. అయినా బ్లేడు ఎందుకు, గోటితోనే చీలుతుంది.

చాక్‌పీస్: గోటితో చీల్చి అండాశయం అడ్డుకోత తీయండి, చూస్తాను.

లాస్ట్‌బెంచ్: అడ్డుకోత సార్ ఒక్కరే కోసి చూపించొచ్చుగా?

తోటపని: సొర అన్నాను గానీ అది సాయంత్రం విచ్చుకుంటుంది, బడి వేళకి వాడిపోతుంది. గుమ్మడి అయితే పొద్దున్నే పూస్తుంది.