నిబంధనలో లోపం ఉంటే పార్లమెంటు కమిటీకి మనం నేరుగా రాయొచ్చా?

అందరికీ నమస్కారం. మా అమ్మ వీల్‌ఛైర్‌లో ఉంటుంది. పెన్షన్ పనికి వెళ్లే ఆఫీసు ముందు మూడు మెట్లున్నాయి, ర్యాంపు లేదు. పోయిన నెల నేనూ ఆటో డ్రైవరూ కలిసి కుర్చీతో సహా ఎత్తాం. పైకి చేరేదాకా అమ్మ కళ్లు తెరవలేదు. చీర కొంగు చక్రంలో పడి చిరిగింది.

ఆ రాత్రి కూర్చుని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం చదివాను. చట్టం గట్టిగానే ఉంది. కానీ దాని కింద 2017లో కేంద్రం చేసిన నిబంధనల్లో 15వది, అంటే భవనాలు, రవాణా లాంటివి దివ్యాంగులకు అందుబాటులో ఉండేందుకు ప్రమాణాలు చెప్పేది, తప్పనిసరిగా కాక సలహాలా ఉందని, అది చట్టానికే విరుద్ధమని సుప్రీంకోర్టు 2024 నవంబరులో చెప్పింది.

నన్ను తొలిచేస్తున్నది ఇదే. కేంద్రం చేసే ప్రతి నిబంధననూ ఉభయ సభల ముందు 30 రోజులు ఉంచాలని అదే చట్టంలో ఉంది. సభలు రెండూ ఒప్పుకుంటే మార్చొచ్చు, రద్దూ చేయొచ్చు. ఇలాంటివి పరిశీలించడానికే లోక్‌సభకూ రాజ్యసభకూ చెరో సబార్డినేట్ లెజిస్లేషన్ కమిటీ, ఒక్కోదాంట్లో 15 మంది సభ్యులు. అయినా ఏడేళ్లు ఆ లోపం అలాగే ఉండిపోయింది. నాకైతే చాలా బాధగా ఉంది.

మీలో ఎవరైనా ఈ కమిటీలకు ఉత్తరం రాశారా? నేరుగా పంపితే తీసుకుంటారా, ఎంపీ ద్వారానే వెళ్లాలా? తెలుగులో రాస్తే సరిపోతుందా? ఆ నిబంధనలు ఏ తేదీన సభ ముందు పెట్టారో ఆర్టీఐలో అడిగితే ఇస్తారా? రాష్ట్ర నిబంధనల విషయంలో అసెంబ్లీని కదిలించిన వాళ్లున్నా దయచేసి చెప్పండి. వచ్చే నెల మళ్లీ అదే ఆఫీసుకి వెళ్లాలి.