మూత్రం తయారీని ‘వడపోత’ అంటే సరిపోతుందా?

ప్రశ్న: మూత్రపిండాల పనిని పత్రికలు ‘వడపోత’ అని రాస్తున్నాయి, పాఠ్యపుస్తకాల్లో మాత్రం గుచ్ఛగాలనం (సన్నని రక్తనాళాల గుచ్ఛంలో రక్తం వడకట్టబడటం), వరణాత్మక పునఃశోషణం (అలా వడిసినదాంట్లో కావలసినవాటిని ఏరి తిరిగి రక్తంలోకి తీసుకోవడం), నాళికా స్రావం (రక్తంలోని కొన్ని పదార్థాలను నాళంలోకి వదలడం) అని మూడు మాటలున్నాయి. సామాన్య పాఠకులకు వడపోత ఒక్కటి చాలదా?

జవాబు: చాలదండీ. అది మొదటి మెట్టుకే వర్తిస్తుంది, పైగా ఆ మెట్టుకు కావలసిన ఒత్తిడి కూడా గుండె పెట్టిన భిక్షే. అలా వడిసే ద్రవం రోజుకు సుమారు 180 లీటర్లు, బయటికి పోయే మూత్రం లీటరున్నర. ఒంట్లోని ప్లాస్మా మొత్తం దాదాపు 3 లీటర్లే కనుక, వడపోత ఒక్కటే ఇదే వేగంతో సాగితే అరగంటలోపే అది హరించుకుపోవాలి.

ఆ గండం గట్టెక్కించేది పునఃశోషణం. వడిసిన ద్రవం పారే సన్నని నాళం గోడలోని కణాలకు రక్తం వైపున ఉండే సోడియం–పొటాషియం పంపు, కణానికి శక్తినిచ్చే ఏటీపీ అణువును ఒక్కొక్కటిగా ఖర్చు చేసి, 3 సోడియం అయాన్లను బయటికి నెట్టి 2 పొటాషియం అయాన్లను లోపలికి తీసుకుంటుంది. (దీన్ని 1957లో వెల్లడించిన డెన్మార్క్ శాస్త్రవేత్త యెన్స్ స్కౌకు 1997లో నోబెల్ వచ్చింది.) కణంలో సోడియం తగ్గేసరికి నాళంలోని సోడియం లోపలికి చొరబడుతూ గ్లూకోజును, అమైనో ఆమ్లాలను వెంటబెట్టుకొస్తుంది, నీటికంటూ వేరే పంపు లేదు, అది ద్రవాభిసరణతో వాటి వెనకే నడుస్తుంది.

ప్రశ్న: ‘శోషణం’ అంటే పీల్చుకోవడమే కదా, అందులో శక్తి ఖర్చు ఎక్కడ ధ్వనిస్తుంది?

జవాబు: ధ్వనించదు. అందుకే సోడియం సంగతి వచ్చినచోట ‘సక్రియా రవాణా’ అని జతచేయాలి. నీటికి, యూరియాకు ఆ విశేషణం తగిలిస్తే మాత్రం తప్పు. హెన్లీ శిక్యం (నాళంలో కిందికి దిగి మళ్లీ పైకి వంగే భాగం)లోని మందపాటి ఆరోహణ భాగం దీనికి మంచి ఉదాహరణ: అక్కడి గోడ ఉప్పును తోడేస్తుంది గాని నీటిని పోనివ్వదు, దానివల్ల చుట్టూ ఉన్న దవ్వ (మూత్రపిండం లోపలి భాగం) ఉప్పదేరుతుంది, ఆ ఉప్పదనమే తరువాత వాసోప్రెస్సిన్ అనే హార్మోను ఉన్నప్పుడు సంగ్రహణ నాళం నుంచి నీటిని లాగి మూత్రాన్ని చిక్కబరుస్తుంది. ఫ్యూరోసెమైడ్ అనే మందు సరిగ్గా ఆ ఉప్పు రవాణానే అడ్డుకుంటుంది, దాంతో ఉప్పూ నీరూ నాళంలోనే మిగిలి మూత్రం పెరుగుతుంది. అలాంటి మందును ‘మూత్రపిండాల చేత ఎక్కువ పని చేయించే మందు’ అని రాయడం నాకు సమ్మతం కాదు; ‘మూత్రాన్ని పెంచే మందు’ అంటే చాలు, ఎందుకంటే అక్కడ కణాలు చేసే పని తగ్గినందువల్లే మూత్రం పెరిగింది.