బీదర్ మదర్సా తీరులో అనాథాశ్రమం కట్టొచ్చా?

మహబూబ్‌నగర్ శివార్లలో 60 మంది పిల్లలకు అనాథాశ్రమం కట్టాలని మా కమిటీ ఆలోచన. బీదర్‌లోని మహమూద్ గవాన్ మదర్సా (1472) చూశాక ఆ తీరే నచ్చింది: నడుమ పెద్ద ఖాళీ జాగ, చుట్టూ విద్యార్థుల గదులు. వార్డెన్ ఒకచోట కూర్చున్నా పిల్లలందరూ కనిపిస్తారు. మా ఇంజినీరు మాత్రం మధ్యలో కారిడార్, రెండు వైపులా గదులే చవక అంటున్నారు (ఆయన కట్టినవన్నీ కాలేజీ హాస్టళ్లే మరి).

రెండంతస్తులు లేపితే, మే నెల ఎండలో ఆ జాగలో నీడ నిలవాలంటే వెడల్పు ఎంత ఉండాలి? జాలీలు (చిల్లులున్న గోడ తెరలు) పెడితే గాలికి బాగుంటుంది, కానీ దోమలకని లోపల మెష్ కొడితే ఆ గాలి తగ్గదా? నాకు ఎక్కువ టెన్షన్ దీని గురించే. ఇలాంటి భవనాలు కట్టినవాళ్లు, అందులో ఉన్నవాళ్లు చెప్పండి. డంగుసున్నం పని తెలిసిన మేస్త్రీలు నల్గొండ వైపు ఉన్నా సరే.