వర్చువల్‌బాక్స్ బీటా వేస్తే ఉన్న వీఎంలు పాడవుతాయా?

ఖాళీబఫర్:
వర్చువల్‌బాక్స్ (కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్ నడిపే సాఫ్ట్‌వేర్) బీటా వచ్చినప్పుడల్లా వేసి చూద్దామనిపిస్తుంది గానీ ధైర్యం చాలదు. ఉన్నది ఒక్కటే ల్యాప్‌టాప్, అందులో నాలుగు వీఎంలు (వర్చువల్ మెషీన్లు), ఒకదాంట్లో ఆఫీసు పని. స్నాప్‌షాట్ (వీఎం ఇప్పుడున్న స్థితి) తీసి పెట్టుకుంటే చాలా? నచ్చకపోతే తీసేసి పాత వెర్షన్ వేసుకోవచ్చు కదా?

పాతకెర్నల్:
స్నాప్‌షాట్‌ని నమ్ముకోకండి. అది వీఎం లోపల ఏదైనా పాడైతే పనికొస్తుంది గానీ బయట ఉన్న సాఫ్ట్‌వేరే మారిపోతే దానికేం తెలుసు, పైగా ఆ స్నాప్‌షాట్ల లెక్క ఉండేది కూడా అదే వీఎం సెట్టింగ్స్ ఫైల్లో. కొత్త మేజర్ వెర్షన్ ఆ ఫైల్‌ని తన ఫార్మాట్‌లో తిరగరాసిందంటే పాత వెర్షన్ దాన్ని తెరవనంటుంది. నడుస్తున్న వీఎంని ఉన్నదున్నట్టు ఆపి దాచే సేవ్డ్ స్టేట్‌దీ అదే గొడవ. నేనోసారి బీటాలో వీఎంని షట్‌డౌన్ చెయ్యకుండా స్టేట్ సేవ్ చేసి పడుకున్నా, పొద్దున పాత వెర్షన్‌కి వెనక్కొస్తే ఆ స్టేట్ లోడ్ కాలేదు, డిస్కార్డ్ కొట్టక తప్పలేదు. ఎడిటర్‌లో సేవ్ చెయ్యని రెండు గంటల పని దాంతోపాటే పోయింది. తప్పు నాదేలెండి.

అన్ని వీఎంలూ పూర్తిగా షట్‌డౌన్ చేసి, ఫోల్డర్లు మొత్తం వేరే డిస్కులోకి కాపీ చెయ్యండి. ఆ కాపీని అదే మెషీన్‌లో మళ్ళీ యాడ్ చేస్తే మాత్రం రెండు డిస్కులకీ ఒకే యూయూఐడీ (డిస్కు గుర్తింపు నంబర్) ఉందని ఎర్రర్ ఇస్తుంది, వాడుకోడానికి ఇంకోటి కావాలంటే మెనూలో క్లోన్ ఉంది.

రాత్రిషిఫ్ట్:
ఒక్కటే ల్యాప్‌టాప్ అంటున్నారు, అందులో ఆఫీసు పని కూడానా! అసలు హోస్ట్ (అంటే మీ ల్యాప్‌టాప్) మీదే వెయ్యకండి. ఒక లినక్స్ వీఎం పెట్టి, నెస్టెడ్ (వీఎం లోపల వీఎం) ఆప్షన్ ఆన్ చేసి, బీటాని దానిలోపల వేసుకోండి. నెస్టెడ్ 6.0లో ఏఎండీకి, 6.1లో ఇంటెల్‌కి వచ్చింది. నత్తనడకే, కాబట్టి "బీటా స్లోగా ఉంది" అని బగ్ మాత్రం రాయొద్దు ప్లీజ్ 😄

ఆర్‌సీ_రావు:
నాది క్యూఈఎంయూ (ఇదీ వీఎంలు నడిపే సాఫ్ట్‌వేరే), ఇక్కడ ఈ టెన్షన్ తక్కువ. ఏడాదికి మూడు రిలీజులు, ప్రతిదానికీ ముందు వరసగా ఆర్‌సీలు (రిలీజ్ క్యాండిడేట్లు, అంటే చివరి పరీక్ష వెర్షన్లు) వస్తాయి. సోర్స్ తెచ్చి వేరే ఫోల్డర్‌లోకి ఇన్‌స్టాల్ అయ్యేలా బిల్డ్ చేసుకుంటా, సిస్టమ్‌లో ఉన్నది కదలదు. "-snapshot" అనే ఆప్షన్‌తో స్టార్ట్ చేస్తే రాతలన్నీ టెంపరరీ ఫైల్లోకి వెళ్తాయి, అసలు డిస్కు ఇమేజ్ జోలికి పోదు.

పాతకెర్నల్:
ఇంకోటి మర్చిపోయా. ఎక్స్‌టెన్షన్ ప్యాక్ (వర్చువల్‌బాక్స్‌కి అదనపు ఫీచర్ల ప్యాకేజీ) వాడుతుంటే ఆ బీటాతో పాటు వచ్చినదే వెయ్యండి. బగ్ కనిపిస్తే "బ్లాక్ స్క్రీన్ వచ్చింది, పని చెయ్యట్లేదు" అని వదిలేస్తే చదివినవాడు ఏం చెయ్యగలడు? అదే వీఎం స్టేబుల్‌లో సరిగ్గా నడుస్తోందా చూసి, ఆ సంగతి రాసి, వీఎం ఫోల్డర్‌లోని లాగ్ ఫైల్ మొత్తం జత చెయ్యండి, ముక్క కాదు. మీది విండోస్ హోస్ట్ అయితే కింద స్టేటస్ బార్‌లో తాబేలు బొమ్మ ఉందేమో చూడండి, ఉంటే హైపర్-వీ (విండోస్ సొంత వర్చువలైజేషన్) మీద నడుస్తోందని అర్థం, సగం వింతలు దానివల్లే.

ఖాళీబఫర్:
తాబేలు ఉంది! ఇన్నాళ్ళూ అదేదో అలంకారం అనుకున్నా. అయితే ముందు దాని సంగతి చూసుకుని, తర్వాత నెస్టెడ్‌లోనే వేస్తా.